ఒక హోగెనక్కల్ సందేశానికి టీకా తాత్పర్యం

మూలం:
"అన్నా, ఆడి పద్దెనిమిదికి హోగెనక్కల్ పోతాము. తెల్లారి ఐదుకే వ్యాను. సోరు మీది, చేపలు ఆడనే. నూనె మరవద్దు. పిల్లోళ్ళు జాగ్రత."

అవతారిక: కడత్తూరులో ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఒకానొక గృహస్థు పక్కవీధి మిత్రునికి పంపిన వాట్సాప్ సందేశమిది. సముద్రం గలవారు సముద్రానికి పోతారు. ధర్మపురి జిల్లాకు సముద్రం లేదు గనుక హోగెనక్కల్ దగ్గరి కావేరే దిక్కు. వ్యాఖ్యాన సహాయం లేక దీన్ని ఉన్నదున్నట్టు నమ్మి, ఐదింటికే తలదువ్వుకుని అరుగు మీద కూర్చున్న కొత్తల్లుళ్ళు పూర్వం ఉండిరి.

టీక:
అన్నా = ఓ అన్నా! వయసులో పంపినవాడే పెద్ద. వ్యాను అద్దెలో సగం అడగవలసి ఉన్నందున ఈ గౌరవం.

ఆడి పద్దెనిమిదికి = తమిళుల ఆడి నెల పద్దెనిమిదో నాడు, అంటే ఆగస్టు 2న గానీ 3న గానీ. కొత్తనీటికి ఆడవాళ్ళు పూజచేసి పసుపుతాడు మార్చుకునే రోజు. జిల్లా యావత్తూ అక్కడే దిగే రోజు కూడా. ఈ రెండో అర్థాన్ని కవి దాచాడు.

పోతాము = రెండు కుటుంబాలమని భావం. వ్యాను కదిలే వేళకు ఒక మేనత్త, ఆమె మనవళ్ళు, డ్రైవరు బావమరిది ఈ బహువచనంలో చేరతారు.

ఐదుకే = ఆరున్నరకు. 'కే'లోని ఏకారం అవధారణార్థకం, ఇక్కడ వట్టి పాదపూరణం.

సోరు మీది = అన్నం మీ వంతు. ఇది అజహల్లక్షణ. కాకుల నుంచి పెరుగు కాపాడమంటే పిల్లినీ తోలమని గ్రహించినట్టే, సోరంటే పులిహోర, పెరుగన్నం, అప్పడాలు, నీళ్ళ క్యాను, విస్తరాకులు, కింద పరచడానికి పాత జంపఖానా అని గ్రహించాలి. పెన్నాగరం దాటాక ఘాట్ రోడ్డు గనుక నిమ్మకాయలు కూడా. అక్కడి కోతులకు ఏ లక్షణా అక్కర్లేదు, సంచి చూస్తే చాలు.

చేపలు ఆడనే = అక్కడే కొనాలి, అక్కడే వండించాలి. అక్కడ వండిపెట్టే అవ్వ చేపకు గాట్లు పెట్టి, ఉప్పూ పసుపూ మిరపపొడీ వేలితో లోపలికి కూరి పెనం మీద పడేస్తుంది. ఆ చిటపటకు, శనివారం మాంసం ముట్టనన్నవాడు ఇవాళ ఏ వారమని అడుగుతాడు.

నూనె = మర్దనకు. బండమీద తువ్వాలు చుట్టుకుని కూర్చున్నవాడి నడినెత్తిన నూనె పోసి మర్దనవాడు రెండు చేతులా వాయిస్తాడు. ఇంట్లో ఎవరైనా అలా కొడితే పంచాయతీ పెట్టే పెద్దమనిషి, ఇక్కడ డబ్బిచ్చి "ఇంకొంచెం గట్టిగా" అంటాడు.

పిల్లోళ్ళు జాగ్రత = దీనికి వేరే అర్థం లేదు. బండలు నున్నన, సుడి లోతు. పుట్టిలో లైఫ్ జాకెట్ వద్దని మారాం చేసిన పిల్లను ఒడ్డునే ఉంచాలి.

అధ్యాహార్యం: పుట్టి ఎక్కుతామన్న మాట మూలంలో లేదు, ఉన్నట్టే భావించాలి. కర్ణాటక నుంచి వచ్చే నీటిని పైన బిలిగుండ్లు దగ్గర కొలుస్తారు. 2018లో సుప్రీంకోర్టు ఏడాదికి 177.25 టీఎంసీలు ఇవ్వమన్నదీ ఆ కొలత ప్రకారమే. ఆ నీరు ఒక్కసారిగా ఎక్కితే దిగువన మెట్టూరు ఆయకట్టు రైతుకు పండగ, హోగెనక్కల్‌లో పుట్టికి నిషేధం. ఆడిలో పుట్లన్నీ ఒడ్డున బోర్లాపడి ఉండడం కద్దు. కవి మౌనానికి కారణమిదేనని నా అభిప్రాయం.

పూర్వపక్షం: మన బావుల్లో ఫ్లోరైడ్ ఎక్కువని, జపాన్ అప్పు తెచ్చి కట్టిన తాగునీటి పథకం 2013లో మొదలై, ఈ కావేరినే ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు గొట్టాల్లో పంపుతోంది కదా! వీధి కొళాయికి వచ్చే నదిని చూడడానికి అంతదూరం పోనేల?

సిద్ధాంతం: కొళాయి పక్కన కూర్చుని విస్తరేసుకుంటే చూసినవారు ఇంట్లో తగవనుకుంటారు.

తాత్పర్యం: ఓ మిత్రమా! అద్దె సగం, వంట పూర్తిగా నీదే. నీళ్ళు చూడడం నెపం. రెండిళ్ళవాళ్ళు ఒకే జంపఖానా మీద కూర్చుని, ఉప్పెవరు తక్కువ వేశారో తేల్చుకోవడమే ఫలం.

ఈ ఏడు పోదలచినవారు ముందురోజే నీటిమట్టం కనుక్కోండి. పుట్టి లేదంటే పులిహోర రెట్టింపు కలపండి.