దూరసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "సెయింట్ హెలెనా నుంచి ఈస్టర్ దీవికి విమాన దూరం 10,506 కి.మీ.; ప్రయాణ సమయం 12 గంటల 52 నిమిషాలు."

అవతారిక: మొదటిది దక్షిణ అట్లాంటిక్‌లో నెపోలియన్ కన్నుమూసిన దీవి, రెండోది దక్షిణ పసిఫిక్‌లో మోఐ విగ్రహాల దీవి. రెంటికీ మధ్య నేరుగా ఎగిరే విమానం లేదు. దూరాల పట్టికలు కూర్చేవారికి అది అడ్డు కాలేదు.

ప్రతిపదార్థం: "నుంచి", "కి" సుగమాలు. "దూరం" అనగా భూగోళం మీద మహావృత్తపు చాపం. దాన్ని రాబట్టే సూత్రం పేరు హావర్‌సైన్, అంటే ఉత్క్రమజ్యలో (వర్స్‌డ్ సైన్‌లో) సగం. ఇక్కడ కాస్త ఆగాలి. జ్య అంటే వింటినారి. వృత్తఖండం వంచిన విల్లులా ఉంటుంది గనుక దాని కొసలను కలిపే గీతకు ఆ పేరు. సూర్యసిద్ధాంతం జ్యలతో పాటు ఉత్క్రమజ్యలనూ లెక్కగట్టింది. జ్యకు పర్యాయమైన జీవ అరబ్బులను చేరి జీబా అయింది. హ్రస్వాచ్చులు రాయని ఆ లిపిలో దాన్ని తర్వాతివారు జైబ్ అని చదివారు. ఆ మాటకు బట్ట మడత, ఎద అని అర్థాలు. లాటిన్‌వారు ఆ అర్థాన్నే అనువదించి సైనస్ అన్నారు. అదే జైబ్ పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగువాడి చొక్కాకు జేబుగా కుట్టుకుంది. కనుక టికెట్ల లెక్క మొదటి నుంచీ జేబు లెక్కే.

ప్రకృతానికి వస్తే, "10,506" భూమి నిండు గోళమైతేనే సాధువు. ధ్రువాల దగ్గర భూవ్యాసార్ధం మధ్యరేఖ దగ్గరికంటే సుమారు 21 కి.మీ. తక్కువ, కనుక చివరి ఆరు పాదపూరణం. "12 గంటల 52 నిమిషాలు": దూరాన్ని గంటకు 850 కి.మీ. చొప్పున భాగించి, పైకెగరడానికీ దిగడానికీ అరగంట కలపగా వచ్చినది. ఎదురుగాలి అవివక్షితం.

అన్వయం: "విమానమే ఉంటే" అని అధ్యాహారం చేసుకోవాలి. ప్రయాణించే కర్త లోపించాడు. లేనిదానికి గగనారవిందాన్ని దృష్టాంతం చూపిన నైయాయికులు సైతం దాని రేకులను కొలవలేదు.

తాత్పర్యం: సెయింట్ హెలెనాలో విమానాశ్రయం కట్టాక కూడా, గాలి ఉన్నట్టుండి దిశ మార్చుకోవడంతో ప్రయాణికుల సర్వీసు 2016లో వాయిదా పడి, 2017 అక్టోబరులో మొదలైంది. జోహాన్నెస్‌బర్గ్ విమానం మామూలుగా వారానికి ఒకటే. పడమటికి పోవలసినవాడు ముందు సుమారు 3,700 కి.మీ. తూర్పుకు పోవాలి. అక్కణ్ణించి అట్లాంటిక్‌ను తిరిగి దాటి సావో పాలో, ఆపైన శాంటియాగో. అక్కడ ఇంకో విమానమెక్కితే అయిదు గంటలకు పైగా పసిఫిక్. ఈస్టర్ దీవిలో దిగే మాటవేరి రన్‌వేను మాత్రం 1987లో, అమెరికా అంతరిక్ష నౌకకు ఆపద వస్తే దిగడానికని పొడిగించారు. దీవివాసి అడిగేది ఎన్ని నిమిషాలని కాదు, ఏ వారమని. ఆ వారం విమానం తప్పితే 12 గంటల 52 నిమిషాలకు ఏడు రోజులు కలుపుకోవలెనని వ్యాఖ్యాతలు, మూలకారుడు మౌనం.