ఏటికి తప్ప అందరికీ బిల్లు

పొందూరు ఖద్దరుకు మగ్గం కన్నా ముందు ఒక చేప కావాలి. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నలుసూ చెత్తా చిక్కుకుపోయి, మెత్తటి పత్తి ఇవతలికి వస్తుంది. దాన్ని ఏకి, ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు నూలు దాకా వడుకుతారు. ఈ పని చేసే ఆడవాళ్లకు రోజంతా కూర్చున్నా గిట్టుబాటు అంతంత మాత్రమే.

ఇప్పుడు ఈ శ్రీకాకుళం జిల్లాలో ఇంకో దవడ కూడా పనిలో ఉంది. పసుపు రంగు, ఉక్కు పళ్లు, గంటల లెక్కన అద్దె. వాలుగ దవడ పత్తిలోంచి పనికిరానిది తీసేస్తుంది, పొక్లెయిన్ దవడ ఏట్లోంచి పనికొచ్చేదంతా తీసేస్తుంది. మొదటి దవడ పుణ్యాన తయారైన తెల్ల చొక్కా తొడుక్కున్నవాళ్లే రెండో దవడకు రిబ్బను కత్తిరిస్తారని గిట్టనివాళ్లు అంటుంటారు. అది శుద్ధ అబద్ధం. ఆ పనికి ప్రారంభోత్సవాలుండవు.

ఇసుకను, గ్రావెల్‌ను 1957 నాటి గనుల చట్టం చిన్న తరహా ఖనిజాల్లో చేర్చి రాష్ట్రాలకు వదిలేసింది. ప్రపంచం ఏడాదికి వాడే ఇసుక, కంకర 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2022లో చెప్పింది. నీటి తర్వాత మనిషి ఎక్కువగా వాడుకునేది ఇదేనట. అంత చిన్న తరహా సరుకు ఇది.

సరుకు చిన్నదే అయినా దాని మీద విధానాలకు కొదవ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ఇసుక అమ్మకం డ్వాక్రా సంఘాల చేతికిచ్చారు. 2016లో ఉచితం అన్నారు. ఆ ఉచితం నడుస్తుండగానే, కృష్ణలో అడ్డూ అదుపూ లేని తవ్వకాలకు గాను 100 కోట్ల రూపాయలు జమ చేయమని 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాన్ని ఆదేశించింది. ప్రభుత్వం మారిన ఊపులో అదే ఏడాది సెప్టెంబరులో ఆన్‌లైన్ విధానం వచ్చి, టన్ను 375 రూపాయలైంది. 2021లో రాష్ట్రమంతటి ఇసుకనూ ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే టన్ను 475కి చేరింది. 2024 జులై 8న మళ్లీ ఉచితం. లోడింగు, కిరాయి మాత్రం ఉచితం కాదు.

పదేళ్లలో అయిదు విధానాలు. ఎవరు అమ్మాలి, ఎంతకు అమ్మాలి, డబ్బు ఏ ఖాతాలో పడాలి అని అయిదూ తల బద్దలుకొట్టుకున్నాయి. అసలు ఏరు ఈ ఏడు ఎంత ఇసుక తెచ్చిందన్న ప్రశ్నతో మాత్రం ఏ ఒక్కటీ మొదలుకాలేదు.

ఈ చరిత్రలో బంగారు అక్షరాలతో రాయదగ్గది 2019 నవంబరు. నదుల్లో వరద తగ్గక, ఇసుక దొరక్క భవన నిర్మాణ కార్మికులు పనుల్లేక రోడ్డెక్కారు. ప్రతిపక్షాలు విశాఖలో లాంగ్ మార్చ్, విజయవాడలో 12 గంటల దీక్ష చేపట్టాయి. జవాబుగా ప్రభుత్వం నవంబరు 14 నుంచి ఇసుక వారోత్సవాలు ప్రకటించింది. గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేదీ ఆ రోజే. ఒక వారోత్సవంలో పిల్లలు పుస్తకాల దుమ్ము దులిపారు, రెండో దాంట్లో పెద్దలు ఏటి అడుగు దులిపారు. ఏ వారోత్సవం ఎక్కువ విజయవంతమైందో వేరే చెప్పక్కర్లేదు.

నిబంధనలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. చిన్న గెడ్డల్లో, అంటే వాగుల్లో, ఇసుక ఆ ఒడ్డున ఉన్న ఊళ్ల సొంత అవసరాలకే తీయాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద వచ్చిన నియమాలు చెబుతాయి. వంతెనలు, ఆనకట్టల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు తవ్వకూడదు. విస్తీర్ణం అయిదు హెక్టార్ల లోపే అయినా పర్యావరణ అనుమతి తప్పదని 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కేంద్రం 2016లో ఒకసారి, 2020లో ఇంకోసారి మార్గదర్శకాలు అచ్చువేసింది. రెండో దాంట్లో డ్రోన్లు కూడా ఉన్నాయి.

అవన్నీ అమలవుతున్నాయి కూడా. ఒక్క ఊరి సొంత అవసరాల సంగతే చూడండి. ఒడ్డున నాలుగు వీధులున్న ఊరికి రాత్రికి పది లోడ్ల చొప్పున సొంత అవసరాలు పుట్టుకొస్తుంటాయి. ఆ లెక్కన ఊళ్లో ఇంటికో అయిదంతస్తుల మేడ లేచి ఉండాలి. అవి లేచాయి, కాకపోతే విశాఖలో లేచాయి. శ్రీకాకుళం ఏళ్ల ఇసుకకు వంద కిలోమీటర్ల అవతలి ఆ నగరమే పెద్ద మార్కెట్టు.

దారిలో తనిఖీ ఉంటుంది. ట్రాక్టరు ఆపుతారు, టార్చి వేస్తారు.

“బిల్లుందా?”

“ఉంది బాబూ.”

“ఈ గెడ్డకి పర్మిషనే లేదు కదరా, బిల్లెక్కడిది?”

“బిల్లు ఏటి రేవుది బాబూ. ఇసక గెడ్డది. రెండూ మన జిల్లావే గదా.”

తనిఖీ వ్యవస్థ మొత్తం ఈ సంభాషణ చుట్టూనే తిరుగుతుంది. బిల్లు మీద తేదీ, బండి నంబరు, బరువు, పోయే ఊరు చూస్తారు. బండి వెనక్కి నడిచి, అది వచ్చిన గొయ్యి ఎంత లోతుందో చూడమని ఏ ఫారంలోనూ గడి లేదు.

ఇసుక మీద కాస్తో కూస్తో గొడవ జరుగుతుంది. గ్రావెల్, మట్టి అదృష్టం అంతకన్నా గొప్పది, వాటి కోసం ఎవరూ దీక్షలు చేయరు. 2020 మార్చి చివర దేశమంతా లాక్‌డౌన్‌లో ఉంది, మనిషి గడప దాటితే లాఠీ. సరిగ్గా మార్చి 28న కేంద్ర పర్యావరణ శాఖ మట్టికి గడప దాటే స్వేచ్ఛ ప్రసాదించింది. రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు మామూలు మట్టి తవ్వితే ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదంది. ఎంత విస్తీర్ణంలో, ఎన్ని టన్నులు అన్న హద్దు కూడా పెట్టలేదు. సుప్రీంకోర్టు 2024 మార్చి 21న దాన్ని కొట్టేసింది. నాలుగేళ్లకు వారం తక్కువ. ఆ నాలుగేళ్లలో తవ్విన మట్టిని తిరిగి తెచ్చి పోయమని తీర్పు చెప్పలేదు, చెప్పినా పోయడానికి కొండ పాదం పాతచోట ఉండాలి.

గెడ్డ మొదట్లో గ్రావెల్ తవ్వితే దాని సొగసు వానాకాలంలో తెలుస్తుంది. గట్టి పొర పోయాక కొండ మీది నీళ్లు ఎర్రగా ఉరికొచ్చి, గెడ్డలో పడి, కింది చెరువులో మట్టి మేటవేస్తాయి. చెరువు పూడిందని పూడికతీతకు అంచనాలు వేస్తారు. తీసిన మట్టి ట్రాక్టరెక్కి ఏ లేఅవుట్ మెరకకో పోతుంది. కొండ దగ్గర ఒక బిల్లు, చెరువు దగ్గర ఒక బిల్లు, లేఅవుట్ దగ్గర మూడో బిల్లు. ఒకే మట్టికి మూడు బిల్లులు రాబట్టగల దేశానికి ఆర్థికవేత్తలతో ఏం పని? కాలిఫోర్నియావాళ్లకు ఈ తెలివి లేక, గొయ్యిని చివరికి ఎలా బాగుచేస్తారో ముందే ప్రణాళిక చూపించాలని 1975లో చట్టం చేసుకున్నారు, తర్వాత ఆ ఖర్చుకు డబ్బు హామీ కూడా చేర్చారు.

ఏటికి సొంత లెక్క ఒకటుంటుంది. ప్రవహించే నీరు ఇసుకను మోస్తూ పోతుంది. మడ్డువలస రిజర్వాయరు, తోటపల్లి, గొట్టా బ్యారేజీల దగ్గర ఆ బరువులో కొంత ఆగిపోతుంది. దిగువన ఇసుక రీచ్‌లో ఇంకొంత ఎత్తేస్తారు. మోయడానికి ఇసుక లేని నీరు ఊరుకోదు, అడుగునూ గట్టునూ కోసుకుని తన బరువు తాను నింపుకుంటుంది. నదీ శాస్త్రవేత్త మథియాస్ కాండాల్ఫ్ 1997లో దీని మీద రాసిన వ్యాసానికి ‘ఆకలిగొన్న నీరు’ అని పేరు పెట్టారు. ఆ ఆకలికి గట్టు మీది రైతు పొలం ఒకటీ, వంతెన పునాది ఒకటీ అని తేడా ఉండదు. ఏటి అడుగు దిగితే ఒడ్డునున్న బావుల్లో నీటిమట్టం కూడా వెంటే దిగుతుంది. శ్రీకాకుళానికి నాగావళి, విజయనగరానికి చంపావతి మంచినీళ్లిచ్చేది ఇసుకలోని ఊటబావుల ద్వారానే. అక్కడ ఇసుక పొరే వడపోత యంత్రం. కుళాయి నీరు సన్నబడితే పట్టణవాసి మున్సిపాలిటీని తిట్టి, సాయంత్రం కొత్త ఇంటి స్లాబుకు ఇసుక ఆర్డరిస్తాడు.

పునాదుల సంగతి పోర్చుగల్‌వాళ్లు చెప్పగలరు. 2001 మార్చి 4 రాత్రి డోరో నది మీది హింట్జ్ రిబైరో వంతెన కూలి ఒక బస్సు, కార్లు నీళ్లలో పడ్డాయి. 59 మంది పోయారు. స్తంభం కింద అడుగు కొట్టుకుపోవడానికి ఏళ్ల తరబడి జరిగిన ఇసుక తవ్వకాలు ఒక కారణమని తేలింది. సంబంధిత మంత్రి జార్జ్ కోయెల్యు రాజీనామా చేశారు. తెలుగు పాఠకులు ఈ వాక్యాన్ని రెండోసారి చదువుకోవచ్చు, అచ్చుతప్పు కాదు. మన దేశంలో 2022 ఆగస్టు 20న పంజాబ్, హిమాచల్ సరిహద్దులో చక్కీ నది మీది పాత రైలు వంతెన వరదకు కూలింది. అక్రమ తవ్వకాలే పునాదులు తినేశాయని జనం అన్నారు, వరద పెద్దదని అధికారులు అన్నారు. వరద మీద కేసు పెట్టే వీల్లేదు.

చివరికి సుప్రీంకోర్టుకే అసలు ప్రశ్న తట్టింది. ఏటా ఎంత ఇసుక తిరిగి చేరుతోందో అధ్యయనం చేయకుండా ఇసుక తవ్వకాల కోసం తయారుచేసిన జిల్లా సర్వే నివేదిక చెల్లదని 2025 ఆగస్టు 22న, జమ్మూ కశ్మీర్ కేసులో చెప్పింది.

కాబట్టి ప్రతి జిల్లాలో ఒక కొత్త ఉద్యోగం అవసరం. వానలకు ముందు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి, ఏట్లో అదే చోట అడ్డంగా తాడు పట్టి అడుగు మట్టం కొలవాలి. రెండు కొలతల తేడా కాగితం మీద వేసి, పంచాయతీ గోడకు అంటించాలి. కావలసిన లెవెల్ పరికరం, కొలత కర్ర ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసుల్లో ఎలాగూ ఉంటాయి. డ్రోను అక్కర్లేదు, రాత్రి డ్యూటీ లేదు, బండి వెంట పరుగు లేదు. జీతం తప్ప పైన పైసా రాదు. ఈ పోస్టు ఇప్పించండి మహాప్రభో అంటూ ఎమ్మెల్యే సిఫార్సు లేఖ పట్టుకుని అమరావతి బస్సెక్కేవాడు మాత్రం ఇంకా పుట్టలేదు.