మూడు రోజులుగా మీరు ప్రశాంతంగా లేరు

పొద్దున్నే ఆరింటికి, కుక్కర్ రెండో కూత వేస్తుండగా ఫోను మోగింది. ధ్యానం నేర్పే యాప్. ‘మూడు రోజులుగా మీరు ప్రశాంతంగా లేరు’ అంది. నిజమే. ఇంట్లో ఇంతమంది ఉండి కూడా ఆ సంగతి కనిపెట్టింది అదొక్కటే. వెంటనే పది నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమంది. ఊపిరి సంగతి తర్వాత, ముందు పోపు మాడకుండా గమనించుకోవాలి. తా దూర కంత లేదు, మెడకో డోలు. బాక్సులు సర్దడానికే చాలని పొద్దుటిపూట మెడకి ఈ ప్రశాంతతను కూడా కట్టారు.

ఆ యాప్ నా అంతట నేను పెట్టుకున్నది కాదు. మా ఆఫీసులో కిందటి నెల ‘వెల్‌నెస్ వారం’ జరిపారు. పని ఒత్తిడి నుంచి బయటపడండి అంటూ రాత్రి పదిన్నరకి మెయిల్ వచ్చింది. హాజరు తప్పనిసరి. సమయం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు, అంటే అన్నం తినే వేళ. కోచ్ ఒకావిడ తెర మీదకొచ్చి, సముద్రం ఒడ్డున కూర్చున్నట్టు ఊహించుకోమంది. కళ్లు మూసుకున్నాను. సముద్రం రాలేదు గానీ, మిగిలిన పాలు ఫ్రిజ్‌లో పెట్టానా లేదా అన్న అనుమానం వచ్చింది. మా టీములో ఇద్దరు మానేసి వెళ్లి ఆర్నెల్లయింది. వాళ్ల పని మిగిలిన ముగ్గురికీ పంచారు. కొత్తవాళ్లకి జీతాలివ్వడం కంటే ఉన్నవాళ్లకి ఊపిరి పీల్చడం నేర్పడం చవక. ఈ కిటుకు కనిపెట్టినవాడికి ప్రమోషన్ ఇచ్చే ఉంటారు.

‘ఖాళీ గిన్నెలోంచి ఎవరికీ వడ్డించలేరు, ముందు మిమ్మల్ని మీరు నింపుకోండి’ అని కూడా సెలవిచ్చిందావిడ. మన వంటిళ్లలోకి ఎన్నడూ తొంగి చూడని మనిషి అనే మాట ఇది. మా అమ్మ నలభై ఏళ్లు ఖాళీ గిన్నెలోంచే వడ్డించింది. అందరూ లేచాక చారు అడుగున మిగిలిన మడ్డి, గిన్నెకి అంటుకున్న మాడుచెక్క, అదే ఆవిడ భోజనం. గిన్నె నింపడం రాక కాదు. నింపేది ఆవిడ, ఖాళీ చేసేది మేం.

ఇలాంటివి ఒక్క మా ఇంటి ముచ్చట్లంటారేమో. కేంద్ర ప్రభుత్వమే లెక్క తీసింది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు అందులో రోజుకి 289 నిమిషాలు గడుపుతుంటే, మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారు. ఆ 88 కూడా పని చేసే మగవాళ్ల సగటే. అసలు పుల్ల ఇటు తీసి అటు పెట్టని మహానుభావులు ఆ లెక్కలోకే రారు. తేడా 201 నిమిషాలు. నా యాప్‌లోని పది నిమిషాల ధ్యానాలు ఇరవై పడతాయి అందులో. కాస్త అంట్లు తోమిపెట్టే యాప్ ఒకటి వస్తే నేను డబ్బు కట్టయినా పెట్టుకుంటాను.

ఈ ‘సెల్ఫ్ కేర్’ అన్న మాటకి ఒకప్పుడు పరువుండేది. అమెరికాలో నల్లజాతి కవయిత్రి ఆడ్రె లార్డ్ క్యాన్సర్‌తో పోరాడుతూ 1988లో తన పుస్తకంలో ఆ సంగతి రాసింది. తనలాంటి వాళ్లని బతకనివ్వని లోకంలో తనను తాను కాపాడుకోవడం విలాసం కాదు, రాజకీయ పోరాటం అని ఆమె ఉద్దేశం. పోరాటం దారిలో ఎక్కడో జారిపోయింది. మనదాకా వచ్చింది స్నానపు ఉప్పు, లావెండర్ కొవ్వొత్తి.

మనసు నిజంగా బాగోలేనివాళ్లని నేను వెక్కిరించడం లేదు. వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 2022 నుంచి టెలిమానస్ అని 14416 నంబరు ఉంది, ఉచితం. నా గొడవంతా ‘సెల్ఫ్’ అన్న ముక్కతోనే. అలసిపోయిన మనిషికి విశ్రాంతి ఇవ్వకుండా, విశ్రాంతి అనే ఇంకో పని అప్పగించడమేమిటి?

చిన్నప్పుడు మా నాన్నమ్మ ఆదివారం ఆదివారం నన్ను పీట మీద కూర్చోబెట్టి, మాడు మీద నూనె చరిచి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడు రసంతో తలంటేది. కళ్లు భగ్గున మండేవి. ఏడిస్తే వీపు మీద ఒక్కటిచ్చేది. సాంబ్రాణి పొగ పట్టాక వచ్చే నిద్ర నాకు మళ్లీ ఏ యాప్‌లోనూ దొరకలేదు. అందులో ‘సెల్ఫ్’ ఎక్కడుంది, మొత్తం పరాయి చెయ్యేగా! అయితే ఆ కుంకుడుకాయలు కొట్టిన నాన్నమ్మకి ఎవరు తలంటారో నేనెప్పుడూ చూడలేదు. చూడాలని తోచను కూడా లేదు.

మా ఆయన మంచివాడే. ‘నీకోసం నువ్వు కాస్త టైమ్ తీసుకో’ అంటాడు. ఎక్కడినుంచి తీసుకోవాలో చెప్పడు, అటక మీద ఏమైనా దాచాడేమో. పుట్టినరోజుకి లావెండర్ కొవ్వొత్తి తెచ్చాడు. మొన్న వర్షానికి కరెంటు పోతే దాని వెలుగులోనే దోసెలు పోశాను. దోసెలకి లావెండర్ వాసన పట్టిందని పిల్లలు తినలేదు.

ఆఫీసువాళ్లు కృతజ్ఞతల నోటుపుస్తకం కూడా పంచారు. ప్రతి రాత్రీ ఆరోజు జరిగిన మూడు మంచి సంగతులు రాయాలట. మొదటి రోజు రాశాను: పనమ్మాయి వచ్చింది. నీళ్ల ట్యాంకర్ వచ్చింది. అత్తయ్యగారు ఊరెళ్లారు. మూడోది చదువుకుని గుండె ఝల్లుమని ఆ కాగితం చింపేశాను. ఇప్పుడా పుస్తకంలో పాల లెక్క రాస్తున్నాను. ఈ నెల పాలబ్బాయి మూడు రోజులు నాగా పెట్టాడు. రాసిపెట్టాను కాబట్టి సరిపోయింది, డబ్బులు తగ్గించాడు.