బాంబు దానంతటదే పేలెనా?

2007 మే 18వ తేది శుక్రవారమునాడు, ప్రార్థనావేళ, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి నిండు ప్రాణములు పోగా, దొరికినవాడే దొంగయను సనాతన సూత్రము ననుసరించి పాతబస్తీ యువకులను పదులకొద్దీ పట్టుకొనిపోయిన ఘనత మన రక్షకభటులది. న్యాయస్థానములు వారిని విడిచిపెట్టిన పిదప, ప్రభుత్వమువారు కరుణించి, తలా కొంత పరిహారమును, ఒక సచ్ఛీలతా పత్రమును చేతబెట్టిరి (పెండ్లిచూపులలో చూపుటకైనను పనికివచ్చును గదా!); కాని ఆ పరిహారమును కాస్తా 2013లో హైకోర్టు కొట్టివేసినది. ఈలోపల సి.బి.ఐ., ఆపైన ఎన్.ఐ.ఎ. వారు మొదటి కథను చెరిపివేసి, వేరొక కథ నల్లి, వేరే అయిదుగురిని బోనెక్కించగా, 2018 ఏప్రిల్ 16న ఆ అయిదుగురి మీదను నేరము రుజువు కాలేదని ప్రత్యేక న్యాయస్థానము తేల్చినది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి గారు కొన్ని గంటలలోనే రాజీనామా పంపిరి.

మొదటి కథయు అధికారికమే, రెండవ కథయు అధికారికమే. పాఠక మహాశయా, ఇంతకును బాంబు పెట్టినదెవరని మీరు అడుగబోకుడు. నేరస్థుని పేరు దొరకకపోయినను, అడిగినవారి పేరును, చిరునామాను వ్రాసికొనుటలో మనవారెన్నడును ఆలస్యము చేసి యెరుగరు.