ఏజెన్సీలో ఏం తింటారో తెలుసా అండీ?

రంపచోడవరంలో ఏ సర్కారు ఆఫీసు గుమ్మం ఎక్కినా ఆయన తగులుతాడు. శాఖ ఏదైనా కావచ్చు, కుర్చీ ఏదైనా కావచ్చు. సొంతూరు మండపేటో, రావులపాలెమో, కొత్తపేటో. కాపురం మాత్రం రాజమండ్రిలో. ప్రమోషను కావాలంటే కొండెక్కాల్సిందే అన్నారు గనక ఎక్కాడు. పొద్దున్నే గోకవరం మీదుగా బస్సులో వస్తాడు, దీపాలు పెట్టే వేళకల్లా దిగిపోతాడు. 2022 ఏప్రిల్‌లో రంపచోడవరాన్ని తూర్పు గోదావరి నుంచి విడదీసి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపినప్పుడు ఆయన పడిన బెంగ ఇంతా అంతా కాదు. పాడేరులో మీటింగంటే ఘాట్ రోడ్డు మలుపుల్లో ముందురోజు తిన్నది కూడా గుర్తుచేసుకోవాల్సి వచ్చేది మరి.

ఆయనకీ ఏజెన్సీకీ మధ్య రెండు గోడలున్నాయి. ఒకటి ఇంటినుంచి తెచ్చుకునే నీళ్ళ క్యాను, రెండోది నాలుగు గిన్నెల కేరేజీ. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడు ఇక్కడ సెంటు భూమి కొనడానికి లేదు. అందుకని ఆయన ఈ కొండల్లో కూడబెట్టుకున్న ఆస్తి ఒక్కటే: కథలు. వాటిని అమ్ముకునే సంత రంపచోడవరంలో లేదు, కిందుంది. పెళ్ళి పంక్తిలో గుత్తివంకాయ వడ్డిస్తుండగా పక్కవాడివైపు వంగి మొదలుపెడతాడు.

"ఏజెన్సీలో ఏం తింటారో తెలుసా అండీ?"

పంక్తిలో చేతులన్నీ ఆగిపోతాయి. ఆయన మాత్రం తింటూనే చెబుతాడు. ఉడుముతో మొదలెట్టి ఎలుక మీదుగా పురుగుల దాకా వస్తాడు. ఎదుటివాళ్ళ మొహాలు చూసి, ఇంకాస్త మోత పడుతుందనిపిస్తే గొంతు తగ్గించి ఆఖరి సరుకు తీస్తాడు: "కుక్కని కూడా వదలరండి. ఆయ్!"

ఈ మాట ఆయనకి ఎవరు చెప్పారో ఆయనే చెప్పలేడు. కొండరెడ్ల గూడెంలోనో, కోయల గూడెంలోనో ఒక్క పూట కూర్చుంటే కుక్క ఉద్యోగమేమిటో తెలిసేది. పొద్దంతా పోడుకి కాపలా, వేట పండగకి మగాళ్ళతో అడవికి ప్రయాణం. ఆయనకంటే దానికే డ్యూటీ ఎక్కువ. కానీ గూడెంలో ఒక పూట కూర్చుంటే సాయంత్రం బస్సు పోతుంది.

అసలీ కుక్క ఆయన కథల్లోకి కొండమీది నుంచి దిగలేదు, అనంతపురం వైపు నుంచి వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారం మొదలయ్యాక కొరియా ఇంజనీర్లు అక్కడికి కాపురానికొచ్చారు. వాళ్ళ అక్షరాలతో హోటళ్ళ బోర్డులు లేచాయి. ఈయన తోడల్లుడికి ఆ పక్కనే ఎక్కడో ఉద్యోగం. ఫోనులో పిల్లల చదువులు, పెద్దల బీపీలు అయ్యాక ఈయన అడిగే ప్రశ్న ఒక్కటే: "వాళ్ళు కుక్కల్ని తింటారటగా, నువ్వు చూశావా?" తోడల్లుడు చూసినదల్లా పంది మాంసం కాల్చుకుని ఆకుల్లో చుట్టుకు తినడం, క్యాబేజీని మన ఆవకాయలా కారమేసి జాడీల్లో ఊరబెట్టడం. ఆ జవాబు ఈయనకి రుచించదు. సియోల్ వెళ్ళి చదువుకొచ్చిన మేనల్లుణ్ణీ ఇదే అడిగాడు. అక్కడ తనతోటి కొరియా కుర్రాళ్ళే ముట్టుకోరనీ, పెంపుడు కుక్కల్ని బండిలో కూర్చోబెట్టి పార్కుల్లో తిప్పుతారనీ వాడు చెబితే, "దాచిపెడుతున్నాడండీ" అని తీర్మానించాడు.

నిజానికి దాపరికం అక్కడ ఒకప్పుడు ఉండేది. 1988 సియోల్ ఒలింపిక్స్‌కి విదేశీయులొస్తారని, కుక్కమాంసం పులుసు అమ్మే హోటళ్ళని పెద్ద వీధుల్లో కనబడకుండా సందుల్లోకి నెట్టింది అక్కడి ప్రభుత్వం. 2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ముందు ఫ్రెంచి నటి బ్రిజిత్ బార్డో కొరియావాళ్ళ మీద నోరు పారేసుకుంది. నత్తల్నీ కప్పకాళ్ళనీ వెన్నలో వేయించుకుతినే దేశంనుంచి ఈ హితబోధ రావడం చూసి, ఆ పులుసు జన్మలో ముట్టనివాళ్ళు కూడా రోషపడ్డారు. ఎవడో వచ్చి మానమంటే మానబుద్ధి పుడుతుందా? చివరికి వాళ్ళంతట వాళ్ళే మానుకున్నారు. 2024 జనవరి 9న కొరియా పార్లమెంటు 208 ఓట్లతో చట్టం చేసింది, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. మాంసం కోసం కుక్కల్ని పెంచినా, చంపినా, అమ్మినా 2027 నుంచి జైలు. తిన్నవాడికి మాత్రం శిక్ష లేదు.

ఆ ఆఖరి వాక్యం పేపర్లో చదివి ఆయన చాలా సంతోషించాడు. కథకి ఊపిరి మిగిలింది.

అదే నెల రెండో తారీఖున ఇంకో కబురు కూడా వచ్చింది గాని అది ఆయనకి నచ్చలేదు. ఒడిశాలో మయూర్‌భంజ్ గిరిజనులు నూరుకునే ఎర్రచీమల పచ్చడికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే బందరు లడ్డు, తిరుపతి లడ్డు కూర్చున్న వరసలోనే చీమల పచ్చడికీ పీట వేశారు. "గవర్నమెంటుకి బుద్ధిలేదండి" అన్నాడు, గిరిజన సహకార సంస్థ డిపోలో కొన్న తేనె సీసాని సంచిలో భద్రంగా సర్దుకుంటూ. తేనెటీగ నోట్లోంచి తీసినదాని మీద ఆయనకి అభ్యంతరం లేదు.

ఆయన నాలుక మీద గీతలు ఎవరు గీశారో గాని, అవి పొలం గట్లలా ఏటా జరుగుతుంటాయి. మేక తలకాయ, కాళ్ళు, బోటీ, నల్ల, అన్నీ శుభ్రంగా పనికొస్తాయి. ఆషాఢ శ్రావణాల్లో గోదావరికి ఎర్రనీరు తగిలితే పులస కోసం పీఎఫ్ లోను పెట్టగలడు. కొరియాలోనూ కుక్క పులుసుకి పేరుపడ్డవి సరిగ్గా ఆ జూలై, ఆగస్టు రోజులే. ఎండకి ఒంట్లో సత్తువ పోకుండా తినాలని వాళ్ళ నమ్మకం. ఇప్పుడు ఆ రోజుల్లో ఎక్కువమంది తాగేది జిన్సెంగు వేసిన కోడి పులుసు. సత్తువ సంగతొస్తే ఈయనా తక్కువవాడు కాదు. పశ్చిమ గోదావరి నుంచి ప్రకాశం దాకా గాడిద మాంసం చాటుగా అమ్ముడవుతోందని పేపర్లు రాసినప్పుడు ఈయన దాన్ని ఖండించలేదు. గాడిద మన దేశపు ఆహార ప్రమాణాల జాబితాలో లేని జంతువు, దాని మాంసం అమ్మడం నేరం. అయినా "నడుం నొప్పికి మంచిదటండి" అన్నాడు. ఆ 'అట'లో ఆయన నడుం నొప్పి స్పష్టంగా వినిపించింది.

నాగాలాండ్ సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం ఇబ్బందిపడతాడు. అక్కడ 2020లో ప్రభుత్వం కుక్కమాంసం అమ్మకాన్ని నిషేధిస్తే, 2023లో గౌహతి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కోర్టు కాగితమంటే ఆయనకి భయం, భక్తి.

ఇక అంబలి. వానాకాలంలో గింజలు అడుగంటినప్పుడు కొండరెడ్లు మామిడి టెంక జీడి ఎండబెట్టి, వగరు పోయేదాకా వాగు నీళ్ళలో నానబెట్టి అంబలి కాచుకునేవారు. జీలుగు చెట్టు కొట్టి, మొద్దులోని గుజ్జు దంచి పిండి తీసేవారు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో అచ్చువేసిన కొండరెడ్ల పుస్తకంలో ఈ జీలుగు తిండి ముచ్చట ఉంది. ఆయన దీన్ని "చెట్టు మొద్దు తింటారండీ పాపం" అని చెబుతాడు. చెబుతూ చేతిలో ఉన్న సగ్గుబియ్యం పాయసం జుర్రుకుంటాడు. సగ్గుబియ్యం కర్రపెండలం దుంపలోని పిండి. దుంపలో పిండి నాగరికత, మానులో పిండి దారిద్ర్యం అని ఎక్కడ రాసుందో ఆయన్నే అడగాలి.

అదే జీలుగు చెట్టునుంచి కారే కల్లు విషయంలో ఆయన చాలా ఉదారుడు. "కిడ్నీల్లో రాళ్ళు కరుగుతాయి" అని అటెండరు చేత సీసా తెప్పించుకుంటాడు. ఈ కొండల్లో కల్లు మీద పెత్తనం చేయబోయి ఇంగ్లీషు దొరలు ఎంత తిన్నారో ఆయనకి తెలియదు. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం కూడా నేరమని అబ్కారీ నిబంధన పెట్టి, కల్లు గుత్తలు కింది షావుకార్లకి ఇచ్చి, పైన ఈ కొండల మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేస్తే, 1879 మార్చిలో ఈ రంపచోడవరం చుట్టుపక్కల ముఠాలు తిరగబడ్డాయి. ఆ రంప ఫితూరీని అణచడానికి పటాలాలు దిగాయి, ఏడాది పైగా పట్టింది. కొండమీదివాడి గిన్నెలోకి తొంగిచూసిన మొదటి కింది ఉద్యోగి మన కథానాయకుడు కాదన్నమాట.

ఒక్క కథ మాత్రం ఆయన ఏ పంక్తిలోనూ చెప్పడు. ఓ వేసవిలో గూడెం తనిఖీకి వెళ్ళి, చెట్టుకి అందుతున్న మామిడికాయ తుంచి, జేబులోంచి ఉప్పూకారం పొట్లం తీసి అద్దుకుని కొరికాడు. గూడెమంతా నిశ్శబ్దమైపోయింది. కొండల్లో ఏ పంటైనా 'కొత్త' చేసి దేవతకి పెట్టాకే నోట్లో పెట్టుకుంటారు. మామిడికి పండగుంది, చిక్కుడుకి పండగుంది. అప్పటిదాకా పసిపిల్లాడు ఏడ్చినా కాయ కోసివ్వరు. ఒక ముసలాయన దగ్గరికొచ్చి, "తప్పు బాబూ, ఇంకా కొత్త పెట్టలేదు" అన్నాడు. తరవాత అటెండర్ని పక్కకి పిలిచి, సార్‌కి వినబడదనుకుని అడిగాడు: "కింద అందరూ ఇంతేనా, ఏది పడితే అది, ఎప్పుడు పడితే అప్పుడు తినేస్తారా?"

అటెండరు కొండరెడ్డి, పైగా తెలివైనవాడు. "లేదు తాతా, మంచోళ్ళూ ఉన్నారు" అన్నాడు.

నాలుగేళ్ళు గడిచాక బదిలీ వచ్చింది. ఆయన కిందికి దిగిపోయాడు. దిగిన మర్నాటినుంచి ఆయనకి ఏజెన్సీ 'మా ఏజెన్సీ' అయిపోయింది. కార్తీకమాసం రాగానే వియ్యాలవారిని కార్లో ఎక్కించుకుని రంపచోడవరం దాటించి మారేడుమిల్లి తీసుకెళ్ళాడు. రోడ్డు పక్క నిప్పుల మీద కాలుతున్న, కోడి మాంసం కూరిన వెదురు బొంగుల ముందు నిలబడి, వియ్యపురాలికి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. నూనె చుక్క వెయ్యరనీ, అడ్డాకులతో మూతి బిగిస్తారనీ, ఇది గిరిజనుల అసలు సిసలు ఆరోగ్యరహస్యమనీ, ఈ కింది జనానికి తిండి అంటే తెలియదనీ. బొంగు తిప్పుతున్న కుర్రాడి భుజం తట్టి, "మీ తాతల నాటి విద్య కదూ ఇది?" అన్నాడు.

"ఆయ్, మాది జగ్గంపేటండి" అన్నాడు కుర్రాడు. "కేజీ కట్టమంటారా, రెండా?"