కామా కాపలాదారు

నెదర్లాండ్స్‌లో డచ్ కంపెనీల లెక్కలను ఇంగ్లీషులోకి మార్చే ఆసామిని గుర్తుపట్టడం సులువు. హోటల్లో బిల్లు చేతికిస్తే మొత్తం ఎంతో చూడడు, కామా ఎక్కడుందో చూస్తాడు. డచ్ వాళ్లు వేల దగ్గర చుక్క, సెంట్ల ముందు కామా పెడతారు. ఇంగ్లీషు వాళ్లది సరిగ్గా తిరగేసిన వ్యవహారం. ఆమ్‌స్టర్‌డామ్‌లో రాసిన 12.500 యూరోలు కళ్లు మూసుకుని లండన్ పంపితే పన్నెండున్నర యూరోలై దిగుతాయి.

అంకెల పేర్లు కూడా ఆయన్ను నిద్రపోనివ్వవు. మన వంద కోట్లు డచ్‌లో ‘మిల్యార్డ్’, ఇంగ్లీషులో బిలియన్. డచ్ ‘బిల్యూన్’ మాత్రం ఏకంగా లక్ష కోట్లు! విందులో ఎవరైనా బడ్జెట్ గురించి మాట్లాడుతూ బిలియన్ అన్నారో, ఫోర్కు కింద పెట్టి “ఏ బిలియనండీ?” అంటాడు. కాసేపట్లో ఆయన పక్క కుర్చీ ఖాళీ.

వార్షిక నివేదికల కాలం వస్తే ఇంట్లో వాళ్లకు ఆయన వీపే కనబడుతుంది. ‘ఖరారు’ ప్రతి వస్తుంది. శుక్రవారం సాయంత్రం ‘ఖరారు-2’ వస్తుంది. ఆదివారం ‘ఖరారు-ఇదే-చివరిది’ వస్తుంది. ఆడిటరు ఓ పేరా మార్చాడట.

ఇవన్నీ భరిస్తాడు. భరించలేనిది ఇంగ్లీషు బాగా వచ్చిన క్లయింటుని. ఆ దేశంలో ఇంగ్లీషు రానివాణ్ని వెతికి పట్టుకోవాలి, అదీ తంటా. కంపెనీ యాజమాన్యంపై కన్నేసి ఉంచే పెద్దలను డచ్‌లో ‘కొమిసారిస్’ అంటారు. ఈయన ‘సూపర్‌వైజరీ డైరెక్టర్’ అని రాసి పంపుతాడు. క్లయింటు దాన్ని కొట్టేసి ‘కమిషనర్’ అని దిద్దుతాడు. లండన్‌లో మదుపరి అది చదివి, ఈ కంపెనీకి పోలీసు బాసుతో పనేంటా అని హడలిపోతాడు. ‘అక్తుయేలె’ విలువంటే ఇవాళ్టి విలువ. క్లయింటు ‘యాక్చువల్’ చేస్తాడు, అంటే మిగతా పేజీల్లోవి దొంగ విలువలన్నమాట! ‘ఎవెంతుయేలె’ నష్టాలంటే వస్తే రావచ్చు, లేకపోతే లేదు. క్లయింటు దిద్దుబాటుతో అవి ‘ఈవెంచువల్’ అయి, ఎప్పటికైనా వచ్చి తీరతాయి. ఇంత ధైర్యంగా నష్టాలను ఆహ్వానించే కంపెనీలు తక్కువ.

అనువాదకుడు సివిల్ కోడ్ రెండో పుస్తకం తీసి, వార్షిక లెక్కల సంగతి చెప్పే తొమ్మిదో భాగం చూపిస్తూ ఓ పెద్ద ఉత్తరం రాస్తాడు. జవాబు రెండు ముక్కల్లో వస్తుంది: “మా డైరెక్టరు కొడుకు ఏడాదిపాటు ఇంగ్లండులో చదివాడు. అతను చూసి బాగుందన్నాడు.”

ఇంతా చేశాక చివరి పేజీలో మామూలుగా ఓ వాక్యం ఉంటుంది. రెండు పాఠాలకూ తేడా వస్తే డచ్ పాఠమే ప్రమాణం, ఇంగ్లీషుది చెల్లదు అని. దాన్నీ ఈయనే అనువదించాలి. మూడుసార్లు సరిచూసుకుని, అన్నిటికన్నా శ్రద్ధగా అనువదిస్తాడు. మాటకింత చొప్పున దానికీ బిల్లు వేస్తాడు.