కొనని బండికి ఓనరు

డెట్రాయిట్ శివార్లలో, అంటే ట్రాయ్, నోవై, కాంటన్ లాంటి ఊళ్ళలో, తెలుగువాళ్ళు కాస్త గుంపుగా ఉన్న ప్రతిచోటా ఈయన ఒకరుంటారు. వయసు అరవై దాటి రెండు మూడేళ్ళు. కార్ల కంపెనీలో బ్రేకుల మీదో సీటు బెల్టుల మీదో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. కూతురు డాలస్‌లో ఉంటుంది. మంచు మొదలవగానే ఆయన భార్య మనవడి వంక పెట్టి డాలస్ వెళ్ళిపోతారు. ఈయన డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోసి, నడుం పట్టుకుని నిలబడి, 'వచ్చే ఏడు ఈ పాటికి అరిజోనాలో ఉంటా' అంటారు. విమానంలో వెళ్ళి కాదు. చిన్న మోటార్‌హోమ్‌లో, అదీ సెకండ్ హ్యాండ్‌ది, తోడెవరూ లేకుండా ఒక్కరే. ఆ బండి ఇంకా కొనలేదు. కొనే పనిలో ఉన్నారు. నేనెరిగినప్పటి నుంచీ ఆ పనిలోనే ఉన్నారు.

మోటార్‌హోమ్‌ని ఇక్కడ ఆర్వీ అంటారు కాబట్టి అందరూ ఆయన్ని ఆర్వీ గారంటారు. ఇండియా నుంచి కొత్తగా దిగినవాళ్ళు అది రామ వెంకటేశ్వర్లో, రాఘవేంద్ర వరప్రసాదో అయివుంటుందనుకుంటారు. ఆయన కూడా కాదనరు.

వ్రతానికి పిలిస్తే వస్తారు. ప్రసాదం పుచ్చుకుని మీ పక్కన కూర్చుంటారు. ఇక మీరు కదలలేరు. 'క్లాస్ ఏ అంటే బస్సంత, మనకొద్దు. క్లాస్ సీకి డ్రైవరు నెత్తిన మంచం ఉంటుంది. అర్ధరాత్రి దిగాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. క్లాస్ బీ అంటే అచ్చంగా వ్యానే. మామూలు పార్కింగ్‌లో పడుతుంది. కానీ అదే ఏడాది సీ కన్నా ధరెక్కువ చెబుతారు. చిన్నదానికి ఎక్కువెందుకివ్వాలండీ?' అని మిమ్మల్నే నిలదీస్తారు. ఆయనకి చిన్నదే కావాలి, ఎందుకంటే ఇంటి ముందు పెద్ద బండి కనిపిస్తే కాలనీ సంఘం, అదే హెచ్‌ఓఏ వాళ్ళు నోటీసు పంపుతారు. పెద్దదీ కావాలి, ఎందుకంటే లోపల నిటారుగా నిలబడి పంచె కట్టుకునే ఎత్తుండాలి.

ఆయన మొదటి ప్రేమ టొయోటా. 1980లలో టొయోటా పికప్ మీద డాల్ఫిన్, సన్‌రేడర్ అని బుల్లి మోటార్‌హోమ్‌లు కట్టేవారు. 1990ల మొదట్లో ఆగిపోయాయి. నాలుగు సిలిండర్ల ఇంజను. ఎత్తెక్కేటప్పుడు వెనకున్నవాళ్ళ సహనానికి పరీక్షే గానీ అంత తేలిగ్గా చావదు. మెలికల్లా ఇరుసులో ఉంది. సరుకు మోసే పికప్ మీద ఇల్లు కట్టేసరికి మొదటి రోజుల బళ్ళలో వెనక ఇరుసులు తట్టుకోలేకపోయాయి. తర్వాత గట్టివి వేశారు. గుర్తు పట్టడం సులువు: వెనక చక్రానికి ఐదు నట్లుంటే పాత ఇరుసు, ఆరుంటే గట్టిది. దాంతో ఆర్వీ గారికి నట్లు లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది. గ్యాస్ స్టేషన్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ బండి వెనక వంగి చూసి, 'సిక్స్! గుడ్!' అని బొటనవేలు ఎత్తి చూపిస్తారు. వాళ్ళు తలుపులు లాక్ చేసుకుంటారు.

రెండో ప్రేమ విన్నెబాగో రియాల్టా. ఫోక్స్‌వ్యాగన్ యూరోవ్యాన్ మీద 1995 నుంచి 2005 దాకా చేశారు. కారు నడిపినంత హాయిగా పోతుంది. దాని గేర్‌బాక్సంటే మాత్రం ఈయనకి భయం. పోతే, బాగుచేసే మెకానిక్ దొరకాలి. అతను దొరికాక డబ్బు దొరకాలి.

ఈ రెండిట్లో ఏదో ఒకటి కొనేయొచ్చుగా అని మీకనిపిస్తుంది. అక్కడే మీకూ ఆయనకీ తేడా. మిషిగన్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఇక్కడి బండికి అడుగున తుప్పు. తుప్పు లేనిది కావాలంటే అరిజోనా బండి చూడాలి. కానీ అక్కడి ఎండకి రూఫ్ మీది సీలెంట్ పగులుతుంది, టైర్లు ఎండి బీటలు వారతాయి. ఫ్లోరిడా బండికి చెమ్మ. ఉప్పు తొక్కకుండా, ఎండ చూడకుండా, వాన తడవకుండా పాతికేళ్ళు తిరిగిన బండి కోసం ఆయన వెతుకుతున్నారు. దీనికో ఎక్సెల్ షీటుంది. అందులో కాలమ్‌లు జెడ్ దాటి, ఏఏ దాటి, ఏకే దాకా వెళ్ళాయి.

ఆయన బండి చూడ్డానికి వెళ్ళే తీరు చూసి తీరాలి. చేతిలో టార్చి, చెమ్మ కొలిచే మీటరు, మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాటు. ముందుగా తలుపు తీసి కళ్ళు మూసుకుని వాసన పీలుస్తారు. ముక్కిన వాసనొస్తే ఎక్కడో నీళ్ళు దిగుతున్నట్టు. అమ్మేవాళ్ళు ముందే సెంటు కొట్టి ఉంచితే అనుమానం రెట్టింపు. తర్వాత బయటి గోడని రాజమండ్రి సంతలో పుచ్చకాయ కొట్టి చూసినట్టు వేలి గణుపులతో ఆ చివర నుంచి ఈ చివరకు కొట్టుకుంటూ పోతారు. లోపల చెక్క నాని పై పొర ఊడితే చప్పుడు మారుతుంది. ఆ పైన టైర్లు. డాట్ అనే అక్షరాల వరుసలో చివరి నాలుగంకెలు టైరు జాతకం. 2316 అంటే 2016లో ఇరవై మూడో వారంలో పుట్టింది. మోటార్‌హోమ్ టైర్లు అరిగి చావవు, నిలబడి నిలబడి ముసలివై చస్తాయి. పైకి కొత్తగా మెరుస్తూనే హైవే మీద పేలతాయి. ఫ్రిజ్ వెనక మూత తీసి పసుపు మరకలున్నాయా, అమ్మోనియా ఘాటు కొడుతోందా చూస్తారు. అది గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్. ట్యూబు కారితే ఆ మరక పడుతుంది. అంతా అయ్యాక మంచం మీద వెల్లకిలా పడుకుని పది నిమిషాలు కదలరు. అమ్మేవాళ్ళు గాభరా పడి నాడి చూసిన సందర్భం కూడా ఉంది.

ఒకసారి ఫ్లింట్ దగ్గర ఎనభై ఏళ్ళ అమెరికన్ పెద్దాయన బండి చూడ్డానికి నన్నూ లాక్కెళ్ళారు. ఆ ముసలాయన చలికాలాలన్నీ అరిజోనాలోనే గడిపారట. ఇక ఓపిక లేదని అమ్మేస్తున్నారు. ఆర్వీ గారు గంటన్నర చూసి, దోషాలన్నీ కాగితం మీద నంబర్లేసి చదివారు. కార్బన్ మోనాక్సైడ్ అలారానికి గడువు తీరింది, వెనక కిటికీ పైన సీలెంట్ విడిపోయింది, బ్యాటరీ నీళ్ళు ఇంకిపోయాయి, ఇలా పంతొమ్మిది. ముసలాయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నారు. 'ఇంతేనా? నేనింకా చాలా పెద్ద రోగమనుకున్నాను' అని, మమ్మల్ని కాఫీ తాగించి పంపించారు. రెండు వారాల తర్వాత ధర తగ్గించి అడుగుదామని ఫోన్ చేస్తే, ఆ పంతొమ్మిదీ బాగుచేయించుకుని టెక్సస్ దాటేశారట. 'నీ లిస్టు చాలా ఉపయోగపడింది' అన్నారట కూడా.

చలికాలం గురించి మాత్రం ఆయన చెప్పేది చెవినేసుకోవాలి. డెట్రాయిట్ నుంచి అరిజోనా ఎడారి రెండు వేల మైళ్ళ పైమాటే. మొదటి రెండు రోజులూ గడ్డకట్టే చలి. ట్యాంకులో నీళ్ళు పోస్తే పైపులు పగులుతాయి. అందుకని పైపుల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఉంచి, సీసాల నీళ్ళతో సర్దుకుంటూ దక్షిణాదికి దిగాలి. దారి దగ్గరని ఐ-40 పట్టుకుంటే, ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర ఏడు వేల అడుగుల ఎత్తున మళ్ళీ మంచు. ఐ-10 చుట్టుదారైనా మేలు. ప్రొపేన్‌కి చలి భయం లేదు. సున్నాకి 42 డిగ్రీల కిందకి పోతే గానీ అది ఆవిరి కావడం మానదు. కానీ పొగగొట్టం లేని హీటర్ లోపల వెలిగిస్తే, కిలో గ్యాస్ మండినప్పుడు కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. అదంతా తెల్లారేసరికి అద్దాల మీదా పరుపు కిందా నీళ్ళై కూర్చుంటుంది. ప్రాణవాయువు తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటే అసలు తెల్లారకపోవచ్చు. పొగ బయటికి పంపే ఫర్నేసే వాడాలి. దానికి గ్యాస్ ఒక్కటే చాలదు, ఫ్యాను తిరగడానికి బ్యాటరీ కూడా కావాలి.

బ్యాటరీ అనగానే అన్నం సంగతొస్తుంది. వంద ఆంపియర్ అవర్ల పాత రకం బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే ఆరు వందల వాట్ అవర్లు. రైస్ కుక్కర్ రెండు పూటలు పెడితే ఐదు వందలు పోయె. రాత్రి ఫర్నేస్‌కి మిగిలింది వంద. 'అన్నం తిని చలికి వణకడమా, వెచ్చగా పస్తుండడమా?' అని ఆయన డాలస్‌కి ఫోన్ చేసి ఆవిడని అడిగారు.

'గ్యాస్ పొయ్యి ఉందిగా, గిన్నెలో వార్చుకోండి. మా అమ్మ కుక్కర్ పెట్టి పెంచిందా నన్ను?' అన్నారావిడ.

ఈ కోణం ఎక్సెల్‌లో లేదు. పోపు వేస్తే పొగ అలారం మోగుతుందన్న దానికి ఒక కాలమ్ ఉంది, ఊరగాయ జాడీ మలుపుల్లో దొర్లకుండా పెట్టే అరకి ఇంకో కాలమ్ ఉంది. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలన్న పట్టింపుకి మాత్రం చింత లేదు. బండి తిప్పి నిలిపితే వాస్తు దానంతటదే కుదురుతుంది.

'నోమాడ్‌ల్యాండ్' సినిమా ఆయన నాలుగుసార్లు చూశారు. దానికి 2021లో ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. జనం కళ్ళు తుడుచుకుంటూ చూసిన సినిమా అది. ఈయన ఆపి ఆపి, కథానాయిక వ్యాను అడుగున తుప్పెంతుందో చూశారు. అందులో కనిపించే అరిజోనా ఊరు క్వార్ట్జ్‌సైట్ వీధులన్నీ ఈయనకి కంఠతా వచ్చు. అక్కడి బీఎల్‌ఎం అనే ప్రభుత్వ శాఖ భూముల్లో సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఒకే పర్మిట్‌తో ఉండిపోవచ్చనీ, జనవరిలో పెద్ద ఆర్వీ ప్రదర్శన జరుగుతుందనీ, ఒంటెలు తోలడానికి అమెరికా సైన్యం తెప్పించిన హాజీ అలీ సమాధి అక్కడే ఉందనీ, దాని మీద రాగి ఒంటె బొమ్మ ఉందనీ చెబుతారు. 'మీరెప్పుడు వెళ్ళారు?' అని కొత్తవాళ్ళడిగితే, 'ప్లానింగ్‌లో ఉంది' అంటారు.

పోయిన చలికాలం ముందు ఒక అమ్మాయొచ్చింది. కరీంనగర్ పిల్ల. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. తానూ ఒక్కతే పోదామనుకుంటున్నానని, టొలీడోలో 2003 డాడ్జ్ రోడ్‌ట్రెక్ ఒకటి చూసిపెట్టమని అడిగింది. ఆర్వీ గారికి పండగొచ్చింది. యోగా మ్యాటు పరిచి, దూరి, దేకి, వాసన చూసి ఇరవై మూడు దోషాలు తీశారు. చదివి, 'వదిలెయ్యమ్మా' అన్నారు.

ఆ పిల్ల కాగితం తీసుకుని, 'అంకుల్, మా ఆఫీస్ల బగ్గులన్నీ ఒక్క తీరు రాయం. సివియారిటీ వన్, టూ, త్రీ అని రాస్తం. వీటిల్ల పానం తీసేటివి ఎన్ని?' అంది.

ఆయన కాసేపు ఆలోచించారు. 'టైర్లు, కార్బన్ మోనాక్సైడ్ అలారం. గ్యాస్ లీకు పరీక్ష చేయించాలి. మూడు.'

'పైసలు తీసేటివి?'

'రూఫ్ సీలెంటు. ముందు బ్రేకులు అరుగుతున్నాయి, ఇంకో ఆర్నెల్లు వస్తాయి. రెండు.'

'మిగిలిన పద్దెనిమిది?'

'ఫ్రిజ్ గ్యాస్ మీద పనిచెయ్యదు, కర్టెన్లు వెలిశాయి, బాత్రూం తలుపు కిర్రుమంటుంది...'

'చలికాలం పోతున్న కదా అంకుల్, ఫ్రిజ్ ఎందుకు?' అని ఆ అమ్మాయి అక్కడికక్కడే బేరమాడింది. ఆయన రాసిన ఇరవై మూడూ అమ్మేవాడికి చదివి వినిపించి పద్దెనిమిది వందల డాలర్లు తగ్గించింది. ఆ డబ్బుతోనే టైర్లు, అలారం మార్పించి, గ్యాస్ పరీక్ష చేయించుకుని, క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు బయల్దేరింది.

జనవరిలో ఒక రాత్రి క్వార్ట్జ్‌సైట్ నుంచి ఆయనకి ఫోను. ఫర్నేస్ ఫ్యాను తిరుగుతోంది, మంట అంటుకోవడం లేదట. 'బ్యాటరీ వోల్టేజ్ ఎంతుందో చెప్పు. తగ్గిందా? ఫ్యాను నెమ్మదిగా తిరిగితే గాలి చాలక లోపలి రేకు స్విచ్ పడదు, అది పడకపోతే గ్యాస్ వదలదు. ఇంజను స్టార్ట్ చేసి ఓ పావుగంట ఉంచు' అన్నారు. పావుగంటకి మంట అంటుకుంది. 'థాంక్స్ అంకుల్, మీరు ఈడ ఎన్నేండ్లున్నరు?' అనడిగిందట. సిగ్నల్ పోయినట్టు నటించానని నాతో చెప్పారు.

మర్నాడే ఎక్సెల్‌లో ఏఎల్ అని కొత్త కాలమ్ చేర్చారు. సివియారిటీ. అన్నేళ్ళుగా వద్దనుకున్న బళ్ళన్నిటినీ కూర్చుని మళ్ళీ లెక్కగట్టారు. నన్ను పిలిచి చూపించారు. మూడు బళ్ళకి తప్ప దేనికీ ప్రాణం తీసే దోషం లేదు. ఉన్నా, టైరో అలారమో మారిస్తే పోయేదే. వరసగా అందరికీ ఫోన్లు చేశారు. ఒక్కటీ లేదు, అన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి.

పాపం, బాధపడతారేమో ఎలా ఓదార్చాలా అని నేను చూస్తున్నాను. ఆయన లాప్‌టాప్ మూసి, తృప్తిగా వెనక్కి వాలి, 'చూశారా? మంచి బళ్ళు మార్కెట్లో నిలవవని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను' అన్నారు.